ఇంగ్లిస్ గాదె: నాలుగో వారం

ఎలివేటర్ అంటే అపార్ట్‌మెంట్ లిఫ్టు అనుకునేరు. కెనడా ప్రెయిరీల్లో, అంటే అక్కడి విశాలమైన మైదానాల్లో, ఆ మాటకి ధాన్యం గాదె అని అర్థం. చెక్కతో కట్టిన గాదె, ఎత్తు ఎనభై అడుగుల దాకా ఉంటుంది. మానిటోబా రాష్ట్రంలో ఇంగ్లిస్ అనే చిన్న ఊళ్లో అలాంటివి అయిదు ఒకే వరసలో ఉన్నాయి. పోయిన వేసవిలో విన్నిపెగ్ నుంచి నాలుగు గంటలకు పైగా కారు నడిపి చూసొచ్చా. ఇప్పుడు ఒకదాని అట్ట నమూనాని 1:87 స్కేలులో, అంటే అసలు దాంట్లో 87వ వంతు సైజులో, కడుతున్నా. ఎత్తు 28 సెంటీమీటర్లు, అడుగున ఒక్కో పక్క 11.

మొదటి రెండు వారాల్లో చెప్పుకోదగ్గదేం లేదు. అట్ట కోశా, డబ్బా నిలబెట్టా, పై కప్పు అంటించా. మూడో వారంలో, గోడ లోపలి కట్టు కనిపించేలా ఒక పక్క 8 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ తీశా. తప్పు అక్కడే దొరికింది. మామూలు చెక్క ఇంటి గోడకి పెట్టినట్టు నిలువు పట్టీలు పెట్టేశా. ఊళ్లో తీసుకున్న ఫొటో పెద్దది చేసి చూస్తే నిలువు పట్టీ ఒక్కటీ లేదు! రెండంగుళాల మందం పలకల్ని పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులు కొట్టుకుంటూ పోయారు. ఎందుకో తర్వాత అర్థమైంది. నిండిన గాదెలో గింజలు గోడని బయటికి తోస్తాయి, నిలువు పట్టీలైతే విచ్చుకుపోతాయి. అడుగున ఒత్తిడి ఎక్కువ కాబట్టి కింద వెడల్పు పలకలు, పైకి పోయేకొద్దీ సన్నవి.

మొత్తం పీకేశా. కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియల్ డబ్బా అట్ట మందం, జిగురుతో కలిపితే, మన స్కేలుకి దాదాపు సరిపోతుంది: ఒక్కో వరస 0.58 మిల్లీమీటర్లు. అంటే ఆ కిటికీకే 138 వరసలు. స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో 1.75 మిల్లీమీటర్ల పట్టీలు కోయాలి. బ్లేడు మొద్దుబారితే అంచు నూగు లేస్తుంది, పది పట్టీలకోసారి మార్చండి. తెల్ల జిగురు ఎక్కువైతే అట్ట వంకర తిరుగుతుంది; నాది నలభయ్యో వరసకి మూడు మిల్లీమీటర్లు పక్కకి వాలింది. ఇప్పుడు మూలమట్టం ఆనించి పేరుస్తున్నా, అయిదు వరసలకోసారి బరువు పెట్టి అరగంట వదిలేస్తున్నా.

ఆ అరగంటల్లోనే ఊరి చరిత్ర చదివా. 1922లో రైలు వచ్చింది, ఆ ఏడే గాదెలూ మొదలయ్యాయి. ఈ అయిదూ 1922, 1941 మధ్య కట్టినవి. గుర్రబ్బండి మీద ఒక్క రోజులో ధాన్యం దింపి ఇంటికి చేరాలి కాబట్టి ప్రెయిరీల్లో కొద్ది మైళ్లకో గాదె ఉండేది. 1930ల్లో 5,700కు పైగా ఉండేవి. లారీలు, భారీ కాంక్రీటు టెర్మినళ్లు వచ్చాక చిన్న రైలు లైన్లు మూతపడ్డాయి, చెక్క గాదెల్ని కూల్చేశారు. ఇంగ్లిస్‌వి మాత్రం ఊరివాళ్లు పట్టుబట్టి నిలుపుకున్నారు. ఇప్పుడవి జాతీయ చారిత్రక స్థలం. వెళ్తే పక్కనే అసెస్సిపీ పార్కూ చూడండి, చెరువు బాగుంటుంది.

గాదెలో ధాన్యాన్ని పైకి ఎత్తే ఇంజన్‌కి విడిగా చిన్న షెడ్డు ఉంటుంది. ధాన్యం దుమ్ముకి నిప్పురవ్వ తగిలితే పేలుతుందని దూరంగా పెట్టేవారు. అది ఆదివారం పని.

నిన్న రాత్రికి 96 వరసలు. ఇంకా 42.