మిర్చి ధరల లింకుకు బొమ్మ కట్టిన కథ

గుంటూరు మిర్చి యార్డులో మా మామయ్యది కమీషన్ కొట్టు. తేజ, 334, 341, బ్యాడిగి అనే మిర్చి రకాల ధరలను రోజూ చీటీ మీద రాసి, ఫొటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఆ దస్తూరీ ఆయన గుమాస్తాకు తప్ప మరొకరికి కొరుకుడు పడదు. వెబ్ యాప్ చేసి ఇస్తానని నేనే నోరు జారాను.

ప్రాజెక్టు మొదలుపెట్టడం పెద్ద పని కాలేదు. బ్రాడీపేటలోని గదిలో కూర్చుని కంప్యూటర్లో జావాస్క్రిప్ట్ కోడును నడిపే నోడ్ వేసుకుని, ప్రాజెక్టుకు మూస తయారు చేసి ఇచ్చే వీట్‌తో రియాక్ట్ (జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే లైబ్రరీ) ప్రాజెక్టు తెరిస్తే కాసేపట్లోనే నా బ్రౌజరులో పేజీ కనిపించింది. ధరల పట్టికకు రెండు ఆదివారాలు పట్టింది. సర్వర్‌కు ఎక్కించి, లింకును మామయ్యకు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోను.

"దీని మీద 'వీట్ ప్లస్ రియాక్ట్' అని ఉందేమిటిరా? కొత్త విత్తనమా?"

వీట్ ఇచ్చిన మూసలో ముందే ఉండే శీర్షికను మార్చడం మరిచిపోయాను. అదొక్కటే మార్చి ఊరుకుంటే పోయేది. లింకు కింద మంచి బొమ్మ, ఆనాటి ధర రావాలని ఆశపడ్డాను.

దీనికి ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు ఉన్నాయి, లింకు కింద ఏం చూపించాలో చెప్పేవి అవే. శీర్షిక, రకం, బొమ్మ, చిరునామా అనే నాలుగూ పేజీ కోడులో పైన ఉండే హెడ్ భాగంలో ఉండాలి. రాశాను. బొమ్మ రాలేదు. బొమ్మ చిరునామాను సగమే ఇచ్చాను, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టి పూర్తిగా ఇవ్వాలట. ఇచ్చాను. అయినా రాలేదు. ఎండబోసిన కాయల ఫొటో మూడు ఎంబీలు ఉంది మరి! 1200 బై 630 కొలతకు కత్తిరించి, 300 కేబీ లోపుకు కుదించాక కనిపించింది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఏ రోజు లింకు పంపినా అదే శీర్షిక, అదే బొమ్మ. వాట్సాప్‌లో లింకు పెట్టగానే పంపేవారి ఫోనే పేజీని తెచ్చుకుని, అందులోని ట్యాగులు చదివి లింకుతో కనిపించే బొమ్మ, శీర్షికల కార్డు తయారు చేస్తుంది, జావాస్క్రిప్ట్‌ను మాత్రం నడపదు. నా శీర్షికలన్నీ రియాక్ట్ నడిచాక మారేవే. ఈ ముక్క తెలియక మూడు రాత్రులు పోయాయి. చివరకు ధరలు ఎక్కించగానే ఆ తేదీకి విడిగా ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు పుట్టే ఏర్పాటు చేశాను. లింకులోనే తేదీ ఉంటుంది కాబట్టి పాత కార్డు మళ్లీ ఎదురయ్యే బాధ కూడా తప్పింది.

బొమ్మ మీద తెలుగు రాయించడం మరో తంటా. నేను వాడిన లైబ్రరీకి ఒత్తులు కలపడం రాదు. 'మిర్చి'లో చ ఒత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడింది. తెలుగును సరిగ్గా చూపించే బ్రౌజరు చేతిలోనే ఉండగా వేరే లైబ్రరీ ఎందుకని, తెర లేకుండా నడిచే క్రోమ్‌లో కార్డు పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీయించాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

ఇక అయిపోయిందనుకున్న వారానికి ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని వచ్చి మామయ్యతో గొడవపడ్డాడు. ఆయనకు చేరింది నాలుగు రోజుల కిందటి లింకు, చేతులు మారుతూ వచ్చింది. ఫార్వర్డ్ చేసినా కార్డు పాతదే వెళుతుంది, సర్వర్‌లో నేనేం మార్చినా అది మారదు. లింకు నొక్కితే తాజా ధరల పేజీకి దారి ఉంది, కానీ ఆయన నొక్కలేదు. కార్డు మీద ధర కనిపిస్తుంటే ఎవరు నొక్కుతారు?

ధర తీసేస్తానన్నాను. "ధర లేకపోతే గ్రూపులో ఎవడు చూస్తాడురా?" అన్నాడు మామయ్య. అదీ నిజమే. ఇప్పుడు కార్డు మీద తేదీ, వారం పెద్ద ఎర్ర అక్షరాల్లో, ధర వాటి కింద చిన్నగా ఉంటాయి. కార్డు కాదు, క్యాలెండరు చేశావని ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.