ఐదెకరాల నీడ

మా ఆయన గండికోట అన్నాడు. మరిది బెలుం గుహలన్నాడు. మే నెలలో ఐదేళ్లోడితో, మూడేళ్లదాంతో ఆ రెండూ తలచుకుంటేనే నాకు భయమేసింది. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడితే తలమీద ఎండ తప్ప ఏమీ ఉండదు. గుహల్లో చల్లగా ఉంటుందనుకుంటారు గానీ, లోపలి ఉక్కకు పెద్దవాళ్ల చొక్కాలే పిండుకోవాలి. "పిల్లోళ్లకు కావాల్సింది నీడ, నీళ్లు. మర్రిమాను కాడికి పోదాం" అని అత్త తేల్చేసింది.

అనంతపురంలో తెల్లారి ఐదున్నరకే బస్సెక్కాం. కదిరిలో దిగి ఉగ్గాని తిని, ఆటో మాట్లాడుకున్నాం. తిమ్మమ్మ మర్రిమానుకు పోయి రావడానికి తొమ్మిది వందలు! ఎంత బేరమాడినా పైసా తగ్గలేదు. దారి పొడుగునా నాకు అదే కడుపుమంట.

గూటిబయలు చేరి మాను కిందికి అడుగుపెట్టాక ఆ మంట చల్లారింది. బయట కళ్లు తెరవలేని ఎండ, లోపల పచ్చటి మసక వెలుతురు. దాదాపు ఐదెకరాలు కమ్ముకున్న చెట్టు, 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది. ఆ లెక్కలు మావాడికెందుకు? "అసలు చెట్టు ఏది మా?" అని ఒక్కో మానూ తట్టి చూశాడు. నాకూ తెలియలేదు. ఏది మాను, ఏది ఊడ?

ఒకచోట కొమ్మ నుంచి వెదురు బొంగు నిలువుగా కిందికి దిగి ఉంది. వాడు అక్కడే ఆగిపోయాడు. పక్కన పాదులు సర్దుతున్న పెద్దాయన్ను అడిగాడు: "తాతా, ఇదెందుకు?"

"లోపల లేత ఊడ ఉంది నాయనా. ఊరికే గాలికి వదిలేస్తే ఎండిపోతాది. బొంగులో మట్టి, ఎరువు పోసి నేలదాకా దించితే వేరు పట్టుకుంటాది. రేపు పైకొమ్మ బరువు అదే మోస్తాది."

మావాడు తన సీసాలో మిగిలిన నీళ్లన్నీ ఆ బొంగు మొదట్లో పోసేశాడు. తాగేందుకు దాచిన నీళ్లు. నేను కసరబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

తిమ్మమ్మ సహగమనం చేసినచోట, చితికి నాటిన గుంజే చిగిరించి ఈ మాను అయిందంటారు. పిల్లలు లేనివాళ్లు ఇక్కడికొచ్చి మొక్కుకుంటారు. అత్త గుడి దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను మాత్రం మా వీధిలో కరెంటు తీగలకు అడ్డమని నరికేసిన వేపచెట్టును తలుచుకున్నా. ఆ చెట్టు కిందే మా పిల్లలిద్దరికీ ఉయ్యాల కట్టాం. ఇప్పుడు సాయంత్రం ఆరైనా అరుగు మీద కూర్చోలేం. ఇక్కడ ఒక్కో ఊడను చేత్తో పెంచుతున్నారు, అక్కడ ఒక్క పూటలో కొట్టేశారు. బాధగా ఉంది.

మధ్యాహ్నం పెరుగన్నం, ఊరగాయ, కలింగర ముక్కలు. చిత్రాన్నం కూడా తెచ్చాం గానీ వేడికి పిల్లలు ముట్టలేదు; ఈసారి పెరుగన్నమే ఎక్కువ కలపాలి, నీళ్ల సీసాలు రెట్టింపు పెట్టుకోవాలి. జేబులో ఉల్లిగడ్డలు పెట్టాల్సిందేనని అత్త పట్టుబట్టింది. వడదెబ్బ భయం ఆమెకు నాకన్నా ఎక్కువ. తిన్నాక చీర పరిస్తే ఇద్దరూ రెండు గంటలు కదలకుండా నిద్రపోయారు. ఇంట్లో ఫ్యాను కింద కూడా అంత నిద్ర పోరు.

నాలుగున్నరకు ఆటో వచ్చింది. నీడ దాటి రోడ్డు మీదికి రాగానే చిన్నది కాళ్లు ముడుచుకుని ఎత్తుకోమంది. చెప్పులున్నాయి దానికి.