రూ.350 జోవాకి రూ.605 కొరియర్: ఈ ఎండాకాలం పార్సిల్ లెక్కలు

నెల్లూరు నుంచి బస్సులో పంపిన హైదరాబాద్ పార్సిల్ మళ్లీ దెబ్బతింది. అందులో ఉన్నవి నేను ఉప్పునీటి అక్వేరియంలో పెంచి అమ్మే కోరల్స్ (పగడాలు): జోవాలు, మష్రూమ్‌లు, జీనియా. జోవాలు ముడుచుకున్నా బతికాయి, మష్రూమ్‌లకు ఏమీ కాలేదు. జీనియా మాత్రం సంచిలో విరిగిన పాలలా అయిపోయింది. ఈసారి పెట్టెలో మిన్-మాక్స్ థర్మామీటర్ పెట్టి పంపాను. గరిష్ఠం 34.5, కనిష్ఠం 18.2. ఒకే పెట్టెకి ఒకే రాత్రిలో చలిదెబ్బా ఎండదెబ్బా రెండూ తగిలాయి!

18.2 ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. గట్టిగా గడ్డకట్టిన జెల్ ప్యాక్‌కి పేపరు చుట్టి పైన పెట్టాను, థర్మామీటర్ వైరు దాని పక్కకే జరిగి ఉంటుంది. జీనియా సంచీ అటువైపే ఉంది. 34.5 సంగతే తేలడం లేదు. ఈ థర్మామీటర్ ఎంతకు పోయిందో చెబుతుంది గానీ ఎప్పుడు పోయిందో చెప్పదు. బస్సు నెల్లూరులో సాయంత్రం బయలుదేరుతుంది. అప్పటిదాకా ఎండలో నిలబడి ఉన్న డిక్కీ రేకు వేడి ఎంతుంటుందో మన ఊరి మే నెల తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒంగోలు దాటేలోపే జెల్ కరిగిపోయి ఉంటుందని నా లెక్క. అక్కడి నుంచి తెల్లారేదాకా పెట్టెకి దిక్కు లేదు. పొద్దున పార్సిల్ షెడ్డులో వేడెక్కిందేమో అనీ అనుకున్నాను, కానీ కస్టమర్ ఎనిమిదికల్లా తీసేసుకున్నాడు. నీళ్లు అప్పటికే వాసన వచ్చాయట. కాబట్టి నా అనుమానం డిక్కీ మీదే.

కొరియర్‌లో పంపొచ్చు కదా అంటారా? అక్కడ దెబ్బ డబ్బుకి. తూకంలో వచ్చే బరువు, పెట్టె సైజుని బట్టి వచ్చే బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. నా తేలిక పెట్టెలకు ఎప్పుడూ సైజు లెక్కే పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది కిలోలు. నా దగ్గర రెండు రకాల థర్మోకోల్ పెట్టెలున్నాయి. చిన్నది 25×20×20, గోడ మందం 15 మిల్లీమీటర్లు. అసలు బరువు 1.3 కిలోలు, బిల్లు 2 కిలోలకు. పెద్దది 34×28×27, గోడ 38 మిల్లీమీటర్లు. అసలు బరువు 1.9, లెక్కకు 5.14 వస్తే అర కిలోకి రౌండ్ చేసి 5.5కి బిల్లు. నాకు చెప్పిన రేటు కిలోకి 110. అంటే చిన్నదానికి 220, పెద్దదానికి 605. ఇక పెట్టె, జెల్, సంచులు, టేపు కలిపి చిన్నదానికి 135, పెద్దదానికి 215. నేను అమ్మేది 350 రూపాయల జోవా ఫ్రాగ్, అంటే కోరల్ నుంచి కోసిన చిన్న ముక్క. "అన్నా, కోరల్ కంటే కొరియరే ఎక్కువుందేంటన్నా?" అంటే ఏం చెప్పాలి?

కోపంతో రెండు పెట్టెల్నీ మిద్దె మీద నీడలో పెట్టి కొలిచాను. బయట 36 డిగ్రీలు, లోపల లీటరు నీళ్లు 25 దగ్గర మొదలు. గంటన్నరకి చిన్న పెట్టెలో 30.6, పెద్దదానిలో 29.2. దాదాపు మూడింతలు డబ్బు కడితే వచ్చిన లాభం డిగ్రీన్నర కూడా లేదు! తర్వాత చిన్న పెట్టెలోనే ఇంకో 700 మిల్లీలీటర్ల నీళ్లు సీసాలో పోసి పెట్టాను. అదే గంటన్నరకి 28.8. అంటే మందం గోడ కంటే నీళ్లే ఎక్కువ పని చేశాయి. పైగా ఆ 700 గ్రాములకు కొరియర్‌లో పైసా ఎక్కువ పడదు, 2 కిలోలకు ఎలాగూ కడుతున్నాం. పెద్ద పెట్టెలో మూడు లీటర్లు అదనంగా పెడితే 29 దాటడానికి ఆరు గంటలు పట్టింది. బరువు 4.9, బిల్లు అదే 5.5.

మా బావ తీరంలో రొయ్య పిల్లల్ని (సీడ్) తయారుచేసే హ్యాచరీలో పనిచేస్తాడు. ఇది చెబితే నవ్వి, "సీడ్‌ని ముందే చల్లబరిచి ప్యాక్ చేస్తాం బామ్మర్దీ, దారిలో చల్లబరచాలని చూడం" అన్నాడు. కాబట్టి గడ్డకట్టిన జెల్ ఇక బంద్. 22 డిగ్రీల నీళ్ల సీసాలే. ఆక్సిజన్ నింపమని కూడా అన్నాడు, ఒక్క రాత్రి ప్రయాణానికి ఫ్రాగ్‌లకు గాలి చాలని నా అభిప్రాయం.

చెన్నై పార్సిళ్లన్నీ క్షేమం.

అక్వేరియం నీళ్లలో కలిపే సాల్ట్ విషయం అడిగారు కొందరు. రెడ్ సీ కంపెనీ మామూలు సాల్టే వాడుతున్నాను. వాళ్లదే కోరల్ ప్రో రకంలో ఆల్కలినిటీ (క్షారత) 12 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర ఉంటుంది, మెత్తటి కోరల్స్‌కి అంత దండగ. మైపాడు సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చుగా అంటారు గానీ, పెన్నా నీళ్లూ రొయ్యల చెరువుల నీళ్లూ కలిసే తీరం అది, నాకు ధైర్యం లేదు. అక్రోపోరా (ఒక రకం రాతి పగడం) ఉందా అని అడిగేవాళ్లకు: లేదు, ఉండదు. రాతి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి. నేను పెంచేదీ అమ్మేదీ జోవాలు, మష్రూమ్‌లు, జీనియా, గ్రీన్ స్టార్ మాత్రమే.

ధరలు ఇక ఇలా. విడి ఫ్రాగ్ నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లు వచ్చి తీసుకుంటేనే. బయటి ఊళ్లకు నాలుగు ఫ్రాగ్‌ల సెట్ 1,300, కొరియర్, ప్యాకింగ్ 355 వేరే. అప్పుడు ఫ్రాగ్‌కి 89 పడుతుంది, అది న్యాయంగానే ఉంది. జీనియా దసరా దాకా ఎక్కడికీ పంపను, ఎంత అడిగినా సరే. ఈలోగా టైమ్‌తో సహా రికార్డు చేసే లాగర్ ఒకటి కొని, కోరల్ లేకుండా ఉత్త నీళ్ల పెట్టెని అదే బస్సులో హైదరాబాద్ పంపిస్తాను. డిక్కీయా, షెడ్డా తేలిపోవాలి.