పాత ల్యాప్‌టాప్, కొత్త విండోస్, పదిహేను రోజుల వెతుకులాట

నేను తెనాలిలో ఇంటి దగ్గరే డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి అచ్చుకి పేజీలు తయారుచేసే పని చేస్తాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు, సంచికలు. 2012లో కొన్న ల్యాప్‌టాప్ మీదే ఇన్నేళ్లూ పని నడిచింది. మూడో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, విండోస్ 7, పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. 2016లో నెమ్మదిస్తోందని ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాం. 2019లో హార్డ్ డిస్క్ తీయించి, దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టించాం. పాత హార్డ్ డిస్క్‌ని పారేయకుండా బీరువాలో దాచాను. అది దాచడం ఎంత మంచిదైందో తర్వాత చెబుతాను.

2023 మొదట్లో రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చాయి. విండోస్ 7 మీద క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తో ఆగిపోయింది, ఇక కొత్తవి రావని తెరిచినప్పుడల్లా హెచ్చరిక. రెండోది పనికి సంబంధించింది. ఇప్పుడు రచయితలు కాగితాల మీద రాసి తేవడం తగ్గిపోయింది, ఫోన్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపేస్తున్నారు. అదంతా యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. ప్రతిదీ అనులోకి మార్చుకోవాలి, మార్చాక ఎక్కడైనా ఒత్తు జారిపోయిందేమోనని మళ్లీ ప్రూఫు చూడాలి. యూనికోడ్ తెలిసిన ఇన్‌డిజైన్ ప్రోగ్రాంకి మారక తప్పదనిపించింది. అప్పటి దాని కొత్త వెర్షన్‌కి విండోస్ 10 కావాలి. ఉగాది వెళ్లిన వారానికి డేటా అంతా బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, షాపుకి తీసుకెళ్లి విండోస్ 10 వేయించాను.

మూడు రోజులు హాయిగా నడిచింది. నాలుగో రోజు ఒక హైస్కూలు పూర్వ విద్యార్థుల సంచిక మీద ఉన్నాను. 120 పేజీలు, మే నెలలో సమ్మేళనం. బొమ్మలు పేజీల్లో పెడుతుండగా తెర నీలమైపోయింది. ఏడుపు ముఖం, కింద ఒక క్యూఆర్ కోడ్, ‘మెమొరీ మేనేజ్‌మెంట్’ అని ఒక మాట. మళ్లీ ఆన్ చేస్తే మామూలుగానే వచ్చింది. సాయంత్రం మళ్లీ పడిపోయింది, ఈసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’. మర్నాడు ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’. పేరు మారుతోంది, పడిపోవడం మాత్రం ఆగడం లేదు. ఒక్క బ్రౌజరే తెరుచుకుని కూర్చుంటే గంటలు గంటలు ఏమీ కాదు. పెద్ద ఫైలు, నాలుగైదు బొమ్మలు తెరిస్తే మాత్రం పావుగంటలో పడిపోతోంది.

షాపులో చూపిస్తే, ‘పాత మెషీన్ మేడమ్, 10 తట్టుకోదు. మదర్‌బోర్డు కూడా అనుమానమే. మళ్లీ సెవెన్ వేసేద్దామా?’ అన్నారు. కాదనడానికి నా దగ్గర కారణమేమీ లేదు. అప్‌గ్రేడ్ చేయకముందు బాగుంది, చేశాక పాడైంది. ఎవరైనా అదే అనుకుంటారు. కానీ 7కి వెళితే ఆ వాట్సాప్ తంటా మళ్లీ మొదటికొస్తుంది. రెండు రోజులు చూస్తానని తెచ్చేసుకున్నాను.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు చేశాను. ల్యాప్‌టాప్ ఏ క్షణాన పూర్తిగా పోతుందోనన్న భయంతో, డేటా మొత్తాన్ని ఇంకోసారి బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. అదే డిస్క్, అదే ఫోల్డర్. ‘రీప్లేస్ చేయాలా’ అని అడిగితే అన్నిటికీ అవునని నొక్కేశాను. జబ్బు ఏమిటో తెలియకముందే మంచి కాపీ మీద కొత్త కాపీ రాసేశానన్నమాట. అప్పటికి ఆ సంగతి తట్టలేదు.

తర్వాత వారం రోజులు డ్రైవర్ల వెంట, అంటే ఒక్కో పరికరాన్ని విండోస్‌తో నడిపించే చిన్న ప్రోగ్రాంల వెంట పడ్డాను. విండోస్ పడిపోయిన ప్రతిసారీ విండోస్ ఫోల్డర్లోని మినీడంప్ అనే చోట ఒక చిన్న ఫైలు రాసిపెడుతుంది. దాన్ని బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో చూపిస్తుంది. ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వచ్చింది. అది తీసి, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ వేశాను. తర్వాత వైఫై డ్రైవర్ పేరు వచ్చింది. అదీ మార్చాను. ఆ తర్వాత విండోస్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ పేరే వచ్చింది. విండోస్ రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నెల్ పవర్ 41’ అని ఎర్రగా ఉంటే అదే కారణమని సంబరపడ్డాను. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడం తప్ప, ఎందుకు ఆగిందో అది చెప్పదని తర్వాత తెలిసింది. కమాండ్ ప్రాంప్ట్‌లో, విండోస్ సొంత ఫైళ్లని సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ నడిపితే పాడైన ఫైళ్లు దొరికాయి, బాగుచేశాను అంది. మర్నాడు మళ్లీ నడిపితే మళ్లీ పాడైన ఫైళ్లు. కొత్తగా వేసిన విండోస్‌లో రోజూ ఫైళ్లు ఎలా పాడవుతున్నాయి?

వేడి సంగతి కూడా చూశాను. వెనక మూత విప్పితే ఫ్యాన్ నిండా దుమ్ము, ప్రాసెసర్ మీది పేస్టు ఎండి పొడిలా రాలింది. శుభ్రం చేసి కొత్త పేస్టు పెట్టించాను. ఫ్యాన్ హోరు తగ్గింది, పడిపోవడం తగ్గలేదు. పాత మెషీన్‌కి ఎలాగూ చేయాల్సిన పనే కాబట్టి ఆ డబ్బు వృథా కాలేదు. వేడికి ఆగిపోయే మెషీన్ సాధారణంగా నీలం తెర చూపించదు, ఉన్నపళంగా ఆరిపోతుంది. మాది అలా ఆరిపోవడం లేదు.

అసలు ఆధారం ఒక జిప్ ఫైలు దగ్గర దొరికింది. సంచికకి వచ్చిన ఫొటోలన్నీ ఒక జిప్‌లో ఉన్నాయి. విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ అంది, అంటే లోపలి డేటా లెక్క తప్పిందని. పంపినవాళ్లకి ఫోన్ చేసి మళ్లీ పంపమందామనుకుంటూ ఇంకోసారి విప్పాను. ఈసారి చక్కగా విప్పుకుంది. అదే ఫైలు, అదే డిస్క్. మా నాన్న లెటర్‌ప్రెస్ రోజుల్లో అక్షరాలు పేర్చే కంపోజిటరు. ఒకే గ్యాలీ (పేర్చిన అక్షరాల పళ్లెం) నుంచి తీసిన రెండు ప్రూఫుల్లో తేడా వస్తే అక్షరాలు పేర్చడంలో తప్పు లేదనీ, ఏదో అక్షరం వదులుగా కదులుతోందనీ అనేవారు. ఆ మాట గుర్తొచ్చింది. డిస్క్‌లో ఫైలు బాగానే ఉంది. చదివి మధ్యలో పెట్టుకునే చోట ఏదో కదులుతోంది.

ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. అంతా విని వాడు ఒకే ప్రశ్న అడిగాడు.

‘అత్తా, పాత విండోస్ 32 బిట్టా, 64 బిట్టా?’

నాకు తెలియదు. అయితే షాపుకిచ్చే ముందు ఎందుకైనా మంచిదని సిస్టమ్ వివరాల తెరని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. అందులో 32 బిట్ అని ఉంది. దాని పైనే ‘8 జీబీ (3.06 జీబీ యూజబుల్)’ అని. ఆ బ్రాకెట్‌ని ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నాను, అర్థం మాత్రం ఎవరినీ అడగలేదు.

వాడు వివరించాడు. మెమొరీలో, అంటే ర్యామ్‌లో, ప్రతి చోటుకీ ఇంటి నంబరులాంటి చిరునామా ఉంటుంది. 32 బిట్లతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 నంబర్లే రాయగలం. అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనే గ్రాఫిక్స్‌కీ మిగతా పరికరాలకీ కొంత పోతుంది. కాబట్టి 2016లో ర్యామ్ పెంచినా మా విండోస్ 7 మొదటి 3 జీబీ దాటి ఏనాడూ అడుగు పెట్టలేదు. కొత్తగా వేసిన విండోస్ 10 మాత్రం 64 బిట్. దానికి 8 జీబీ అంతా కనబడుతుంది, పెద్ద ఫైళ్లు తెరిచినప్పుడు పై భాగాన్ని వాడుకుంటుంది. ‘ఆ పై భాగంలో ఎక్కడో ర్యామ్ పాడై ఉంటుందత్తా. ఇన్నాళ్లూ అటు ఎవరూ వెళ్లలేదు కాబట్టి బయటపడలేదు’ అన్నాడు.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. షాపులో చెప్పినట్టు మళ్లీ 7 వేయించి ఉంటే మెషీన్ నిజంగానే బాగా నడిచేది. అప్పుడు తప్పంతా విండోస్ 10దేనని నమ్మి, పది మందికి అదే చెప్పేదాన్ని.

ముందు విండోస్‌లో ఉండే మెమొరీ డయాగ్నస్టిక్ నడిపాను. ఏ లోపమూ లేదంది. అది మామూలుగా చేసేది పైపై పరీక్ష, ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకుంటేనే లోతుగా చూస్తుంది. ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారని నా అనుమానం, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. మావాడు దాన్ని వదిలేసి మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టమన్నాడు. ఉచితమే. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాంతోనే మెషీన్‌ని బూట్ చేయాలి. విండోస్ అసలు మొదలే కాదు కాబట్టి డ్రైవర్ల గొడవే ఉండదు, తప్పు కనబడితే అది వస్తువుదే. రాత్రి పది గంటలకి పెట్టాను. పడుకుందామని వెళ్లి, నిద్ర పట్టక గంటంబావుకి లేచొచ్చి చూస్తే తెర మీద ఎర్రటి వరుసలు. తప్పులన్నీ 5.4 జీబీ చిరునామా చుట్టుపక్కలే.

ఆ క్షణంలో నాకు బాధ వేయలేదు, ధైర్యం వచ్చింది. పదిహేను రోజులుగా చేతికి దొరకనిది ఒక అంకె రూపంలో కనబడింది.

మర్నాడు పొద్దున్నే బ్యాటరీ తీసి, కాసేపు పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మూత విప్పాను. రెండు ర్యామ్ ముక్కలనీ బయటికి తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టి పరీక్షించాను. కాళ్లకి మసి పట్టి ఇలా అవుతుంటుంది, చాలాసార్లు దీంతోనే పోతుందట. మాకు పోలేదు. అప్పుడు ఒక్కో ముక్కనీ విడిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూశాను. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ముక్క రెండు స్లాట్లలోనూ నెగ్గింది. తర్వాత వేయించిన ముక్క రెండిట్లోనూ తప్పింది. కాబట్టి స్లాట్లూ మదర్‌బోర్డూ బాగున్నాయి. స్లాట్లు మార్చి చూడకుండా ఒక నిర్ణయానికి రాకూడదు, లేకపోతే చెడింది ముక్కో స్లాటో తేలదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. విడిగా పెట్టినప్పుడు తప్పు 2.7 జీబీ దగ్గర చూపించింది. రెండూ ఉన్నప్పుడు 5.4 కదా? మావాడు చెప్పాడు: రెండు ముక్కలూ ఉంటే కంప్యూటర్ డేటాని పేకముక్కలు పంచినట్టు ఒకటి దీనికి, ఒకటి దానికి పంచుతుంది. అందుకే ఒక ముక్కలో 2.7 దగ్గరున్న చోటు, రెండూ కలిసినప్పుడు దానికి రెట్టింపు దూరంలో తేలుతుంది. 2016లో ఈ ముక్కని ఒక్కదాన్నే వేసి ఉంటే ఆ లోపం విండోస్ 7లో కూడా బయటపడేదే.

అదే డీడీఆర్3 రకంలో 4 జీబీ ముక్క కొత్తది 1,200 రూపాయలకి దొరికింది. వేసి, రాత్రంతా పరీక్ష నడిపితే ఒక్క తప్పూ రాలేదు. విండోస్‌ని మళ్లీ మొదటి నుంచీ వేయించాను. చెడ్డ మెమొరీ గుండా వెళ్లి డిస్క్ మీదికి చేరిన ఫైళ్లని ఎలా నమ్మడం? ఎస్‌ఎఫ్‌సీ రోజూ కొత్త తప్పులు చూపించిందీ అందుకేనని నా నమ్మకం. ఇప్పుడు నడిపితే ఏ తప్పూ లేదంటోంది. సంచిక అనుకున్న రోజుకే ప్రెస్సుకి వెళ్లింది.

మిగిలింది నేను రీప్లేస్ కొట్టిన డేటా. దాని గురించి తలచుకుంటేనే టెన్షన్. 2019 వరకూ ఉన్నవి బీరువాలోని పాత హార్డ్ డిస్క్ నుంచి తీసుకున్నాను. ఆ తర్వాతి నాలుగేళ్ల ఫైళ్లని ఒక్కొక్కటే తెరిచి చూశాను. జిప్‌లయితే 7జిప్‌లో ‘టెస్ట్’ నొక్కితే సరిపోయింది, మిగతావన్నీ కంటితోనే, ప్రూఫు చూసినట్టే. పది సాయంత్రాలు పట్టింది. మొత్తం మీద మూడు ఫైళ్లు పాడయ్యాయి. రెండింటిని అప్పట్లో ప్రెస్సుకి పంపిన ఈమెయిళ్లలోంచి దింపుకున్నాను.

మూడోది ఒక రిటైర్డ్ మాస్టారి పద్యాల పుస్తకం. ఆయన 2021లో పోయారు. ఫైలు ఇంకెక్కడా లేదు. వాళ్లమ్మాయికి ఫోన్ చేసి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ‘ఫరవాలేదండీ, పుస్తకం ఉందిగా’ అని అచ్చు ప్రతి ఒకటి కొరియర్లో పంపింది. 48 పేజీలు. ఇన్‌డిజైన్ తెరిచి, మొదటి పద్యం నుంచీ మళ్లీ టైప్ చేశాను, ఈసారి యూనికోడ్‌లో. ఎక్కడెక్కడ అరసున్న పెట్టాలో ఆయన పక్కన కూర్చుని చెప్పినవి ఇంకా గుర్తున్నాయి.