కొమ్ము లేని దాగలి

హాబీగా ఇంట్లోనే కమ్మరి పని మొదలుపెట్టాను. కొలిమికి పెద్దగా కష్టపడలేదు. పాత బ్రేక్ డ్రమ్ము, అడుగున ఒక పైపు, గాలికి చిన్న బ్లోయరు, బస్తా బొగ్గులు. అల్వాల్‌లో మా ఇంటి వెనక అదంతా తేలిగ్గానే కుదిరింది. పని ఆగింది దాగలి దగ్గరే, అంటే కాలిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మె దగ్గర.

వీడియోల్లో కనిపించే కొమ్ము దాగలి, అంటే కడ్డీలు వంచడానికి ఒక పక్క కొమ్ములా పొడుచుకొచ్చినది, దాని కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ అంతా తిరిగాను. నాకు కనిపించినవి పోత ఇనుమువి. జేబులో బేరింగ్ గుండు ఉంచుకున్నాను. దాన్ని వాటి మీద జానెడు ఎత్తు నుంచి వదిలితే రెండు వేళ్ల ఎత్తు కూడా లేవలేదు. మంచి ఉక్కు దాగలి మీదైతే వదిలిన ఎత్తులో ముప్పాతికకు పైనే లేస్తుంది. గుండు లేవలేదంటే మన దెబ్బ బలం చాలావరకు దాగలే మింగేస్తోందన్నమాట. చెయ్యి నొప్పి మనకు మిగులుతుంది.

అందరూ చెప్పే రెండో దారి రైలు పట్టా. 60 కిలోల పట్టా అంటే మీటరు ముక్క 60 కిలోలు తూగుతుంది, అడుగు ముక్క 18 కిలోలు. పడుకోబెడితే తల కింద నడుము మందం 16.5 మిల్లీమీటర్లే కాబట్టి దెబ్బకి అదిరిపోతుంది, మోత కూడా భరించలేం. నిలబెడితే ఆ 18 కిలోలూ సుత్తి కిందికే వస్తాయి. కానీ స్క్రాప్ షాపాయన "బిల్లు లేని పట్టా నేను అమ్మనన్నా, మీరూ యాడా కొనకండి" అన్నాడు. నిజమే. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం, దొంగసొత్తేమోనని అనుమానం వస్తే అది సక్రమంగా వచ్చిందని మనమే రుజువు చేసుకోవాలి. హాబీ కోసం ఆ టెన్షన్ ఎందుకు?

చివరికి జీడిమెట్లలో ఒక మెషిన్ షాపులో ఈఎన్8 రకం ఉక్కు రౌండ్ బార్ ముక్క దొరికింది. 150 మిల్లీమీటర్ల వ్యాసం, అడుగు ఎత్తు, 40 కిలోల పైచిలుకు. మటన్ షాపుల్లో వాడే రకం చింత మొద్దు తెచ్చి, గుంట తొలిపించి ఆ ముక్కను అందులో నిలువుగా దించాను. పక్కన నిలబడి చెయ్యి వదిలేస్తే పిడికిలికి తగిలే ఎత్తు పెట్టాను. పై అంచుల్ని గ్రైండర్‌తో గుండ్రం చేశాను, లేకపోతే కాలిన కడ్డీ మీద గాట్లు పడతాయి. మొదటి కొక్కెం సాగదీస్తుంటే నల్ల పెచ్చులు ఎగిరి మొద్దు చుట్టూ రాలాయి, మొద్దు మాత్రం కదల్లేదు.

కొమ్ము లేకుండా వంపులెలా అంటారా? బెంచ్ వైస్‌లో లావుపాటి రాడ్డు అడ్డంగా బిగిస్తే చాలు. రోడ్డు పక్కన కొడవళ్లు సాగదీసే కమ్మరాయన దాగలి కూడా మొద్దులో పాతిన చదరపు ఉక్కు దిమ్మే. కొమ్ముదే అసలైన దాగలనీ, మిగతావి సర్దుబాటనీ అనుకోవడం నాకు నచ్చదు.

నాకున్న లోటు ఒక్కటే, ఉలి నిలబెట్టే చదరపు బెజ్జం లేదు. మొద్దు అంచున బెజ్జం పెట్టి, అందులో ఉలిని పదును పైకి ఉండేలా నిలబెడుతున్నాను. పిల్లలు తిరిగే ఇల్లు కదా, కొయ్యడం అవగానే పీకి లోపల పెట్టేస్తాను.