జారుడుబల్ల కింద ఏం వేయాలి? తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ అనుభవం

మేముండేది తిరుపతి కరకంబాడి రోడ్డు వైపు. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఆడుకోవాలంటే మిద్దె ఒక్కటే దిక్కు. కింద గేటు పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది గానీ అక్కడంతా కాంక్రీటు గచ్చు. మిద్దె మీద జారుడుబల్ల, ఉయ్యాల పెట్టి, కింద రబ్బరు టైల్స్ పరిపిద్దామని అసోసియేషన్ మీటింగ్‌లో అనుకున్నారు. చూసి కొనే పని నాకూ, మూడో ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ సివిల్ ఇంజినీరు అంకుల్‌కీ అప్పజెప్పారు.

ఏ షాపుకు పోయినా మొదటి ప్రశ్న "ఏ రంగు కావాలి మేడం?" అనే. తర్వాత టైల్ మీద బొటనవేలు పెట్టి నొక్కి చూపిస్తారు, ఎంత మెత్తగా ఉందో చూడండని. వాళ్లు చూపించినవి ఎక్కువగా 20, 25 మిల్లీమీటర్ల టైల్స్, జిమ్‌ములకు అమ్మేవి. బరువులు కింద పెట్టినప్పుడు నేల పగలకుండా అవి కాపాడతాయి. పిల్లాడి తల సంగతి వేరు.

అడగాల్సింది క్రిటికల్ ఫాల్ హైట్. మనిషి తలలాంటి లోహపు గోళంలో సెన్సర్ పెట్టి, ఎత్తు పెంచుకుంటూ ఆ టైల్ మీద పడేస్తారు. తల గాయాన్ని కొలిచే హెచ్ఐసీ అనే లెక్క 1000 దాటకూడదు, కుదుపు 200 జీ, అంటే భూమ్యాకర్షణకు 200 రెట్లు, మించకూడదు. ఈ హద్దులు దాటకుండా ఎంత ఎత్తు వరకు తట్టుకుందో అదే ఆ టైల్ ఫాల్ హైట్. ఐరోపాలో దీనికి ఈఎన్ 1177, అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1292 అనే ప్రమాణాలు ఉన్నాయి. మామూలుగా 50 మిల్లీమీటర్ల టైల్ మీటరున్నర దగ్గర ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. అందుకే మందం చెప్తే సరిపోదు, ఆ మందానికే చేసిన టెస్ట్ రిపోర్ట్ కావాలి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి: ఈ పరీక్ష తలను కాపాడటానికే. చెయ్యి విరగదని ఏ టైలూ హామీ ఇవ్వదు.

రిపోర్ట్ అనగానే చాలామంది "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ మేడం, డౌటే వద్దు" అన్నారు. ఒక చెన్నై డీలర్ మాత్రం మందం వారీగా కాగితాలు పంపించాడు. రేటు మిగతావాళ్లకంటే ఎక్కువే, అయినా మా మనసు అటే మొగ్గింది.

అయినా కాగితం చూసి ఆగలేదు. శాంపిల్ ముక్కలు తెప్పించి ఏప్రిల్ ఎండలో మిద్దె మీద పరిచాం. పాత టైర్ల పొడితో చేసిన నల్ల టైల్, అదే రకానికి పైన ఎర్ర రంగు కొట్టింది, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు గింజలతో లేత రంగు పైపొర ఉన్నది. మధ్యాహ్నం రెండింటికి పోయి చేతి వెనకవైపు ఆనించి చూశాను. నల్లదాని మీద చెయ్యి నిలవలేదు. లేత రంగుది కాస్త నయం, కానీ పిల్లల మోకాళ్లకి అదీ వేడే. లేత రంగు కొన్నంత మాత్రాన తిరుపతి ఎండ తగ్గదు కదా, గ్రీన్ నెట్ ఖర్చు కూడా ఎస్టిమేట్‌లో రాయించాను. తడి తెల్లబట్టతో రుద్దితే ఎర్రదాని రంగు బట్టకి అంటుకుంది. ఈపీడీఎం గింజకి రంగు లోపలిదాకా ఉంటుంది కాబట్టి ఏమీ రాలేదు. చివరగా ఒక్కో ముక్కనీ స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి ఎండలో ఉంచాను. నల్లదాని డబ్బా తెరిస్తే పంచర్ షాపులో నిలబడ్డట్టే ఉంది.

వాసన కంటే రసాయనాల విషయమే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. టైర్ల రబ్బరులో పీఏహెచ్‌లు అనే రసాయనాలు ఉంటాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. చర్మానికి తగిలే రబ్బరు వస్తువుల్లో ఎనిమిది రకాల పీఏహెచ్‌లు ఒక్కొక్కటీ కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదని ఐరోపా యూనియన్ 2015 డిసెంబరు నుంచి నిబంధన పెట్టింది. పిల్లల బొమ్మలకైతే అందులో సగమే. అమెరికా పర్యావరణ సంస్థ క్రీడా మైదానాల టైరు పొడిని పరిశీలించి 2024లో ఇచ్చిన నివేదికలో, ఆ రసాయనాలు ఒంట్లోకి చేరేది పరిమితంగానే ఉండొచ్చని చెప్పింది. అది చదివాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కానీ రెండేళ్ల పాప పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే చోటికి నేను ఐరోపా హద్దునే పట్టుకున్నాను. పీఏహెచ్ రిపోర్ట్ ఉన్న ఈపీడీఎం పైపొరే తీసుకుందామని ఇద్దరం తేల్చేశాం.

ఇంతలో అంకుల్ మిద్దె కొలతలు తీసుకుని వచ్చారు. బరువు సమస్య లేదన్నారు. 50 మిల్లీమీటర్ల టైల్ చదరపు మీటరుకు సుమారు 40 కిలోలు, మనుషులు తిరిగే మిద్దెకి ఐఎస్ 875 అనే మన దేశపు భవనాల బరువు ప్రమాణం లెక్క 150 కిలోలు.

"మరి అసలు సమస్య ఏంటి అంకుల్?"

"పిట్టగోడ చూడమ్మా. 5 సెంటీమీటర్ల టైల్ వేస్తే గోడ అంత పొట్టిదైనట్టే. దాని పక్కన జారుడుబల్ల మెట్లు పెడితే, పిల్లాడు ఎక్కి నిలబడ్డప్పుడు గోడ ఎక్కడికొస్తుంది?"

ఆ మాటతో ప్లాన్ మొత్తం మారిపోయింది. మిద్దె మీద ఎక్కే వస్తువు ఒక్కటీ వద్దు, జారుడుబల్ల కిందే పెడదామనుకున్నాం. కొంతమంది ఒప్పుకోలేదు, కింద బండ్లు తిరుగుతాయన్నారు. గేటు పక్క జాగా చుట్టూ ఇనుప కంచె వేయిస్తామని ఒప్పించాం. ఒక పెద్దాయన స్వర్ణముఖి ఇసుక పోస్తే చాలదా అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. 30 సెంటీమీటర్ల వదులు ఇసుక రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినా కాపాడుతుంది. అయితే మా వీధిలో కుక్కలు, పిల్లులు ఎక్కువ, రోజూ దాన్ని శుభ్రం చేసేవాళ్లు లేరు.

చివరికి కింద మీటరూ ఇరవై సెంటీమీటర్ల ఎత్తున్న జారుడుబల్ల, దాని చుట్టూ అన్ని వైపులా మీటరున్నర దూరం దాకా 50 మిల్లీమీటర్ల టైల్. ఉయ్యాలకి ముందూ వెనకా చాలా జాగా కావాలి, మాకు లేదు, కాబట్టి మానేశాం. మిద్దె మీద పెద్దవాళ్ల నడకకీ, చిన్నపిల్లల పరుగులకీ 25 మిల్లీమీటర్ల టైల్.

మిద్దె పనిలో నీళ్ల సంగతే పెద్దది. 2021 నవంబరు వానలు చూసిన ఊరు ఇది. ముందు తూములు మూసి, మిద్దెనిండా నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచారు. మెట్ల గది మూలన కింది సీలింగ్‌లో చెమ్మ కనిపించింది. అక్కడ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాకే టైల్స్ ఎక్కించాం. అడుగున బొడిపెలున్న రకం తీసుకున్నాం, వాటి మధ్యనుంచి నీళ్లు తూముల వైపు పోతాయి. తూముల దగ్గర టైల్స్‌కి గమ్ వేయొద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పాం, ఎత్తి చెత్త తీయాలి కదా. తూర్పు వైపు ఒక వార కావాలనే ఖాళీగా వదిలాం. వడియాలు ఎండబెట్టాలన్నా, దీపావళికి చిచ్చుబుడ్లు కాల్చాలన్నా ఆ గచ్చు మీదే, రబ్బరు నిప్పంటుకునే వస్తువు.

మీరు కొనేటట్టయితే బిల్లు మీద "రబ్బరు టైల్స్" అని ఊరికే రాయించుకోవద్దు. మందం, పైపొర ఈపీడీఎం అన్న మాట, ఫాల్ హైట్ రిపోర్ట్ నంబరు, పీఏహెచ్ రిపోర్ట్ నంబరు రాయించుకోండి. లోడు దిగిన రోజే నాలుగైదు టైల్స్ తీసి స్కేలు పెట్టి కొలవండి. మా లోడులో 50కి బదులు 40 మిల్లీమీటర్లవి కొన్ని కలిసి వచ్చాయి. బిల్లు మీద మందం ఉంది కాబట్టి డీలర్ మారు మాట లేకుండా మార్చి పంపాడు.