నా సైట్‌లో బాట్ కామెంట్ల గోల ఎలా తగ్గించానంటే

అమ్మ చెప్పే పచ్చళ్ళ కొలతలన్నీ ఒకచోట ఉంటాయని వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో సొంత సైట్ పెట్టుకున్నా, చదివేది చుట్టాలూ వాళ్ళ ఫ్రెండ్సూ అంతే. అయినా సరే గోంగూర పోస్ట్ కింద రష్యన్‌లో క్యాసినో లింకులు, "గ్రేట్ ఆర్టికల్" అని పొగిడిన వాడి పేరు మీద నొక్కితే ఏవో మందులమ్మే సైట్లు. ఇవన్నీ బాట్లు, అంటే తమంతట తామే కామెంట్లు పెట్టుకుంటూ పోయే ప్రోగ్రాములు, పెట్టేవి. పొద్దున్నే లేచి అవి డిలీట్ చేయడమే ఒక పనైపోయింది.

మనుషులు చదవాలని కాదు ఆ బాట్లని వదిలేవాళ్ళ బాధ, గూగుల్ ఆ లింకు చూస్తే ర్యాంక్ పెరుగుతుందని ఆశ. అదీ దండగే, 2005లోనే గూగుల్ నోఫాలో అని, ఈ లింకుని ర్యాంక్ లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే గుర్తు తెచ్చింది, కామెంట్లలో లింకులకి వర్డ్‌ప్రెస్ దాన్ని తనే తగిలిస్తుంది. కానీ బాట్‌కి ఇవన్నీ ఎవరు చెప్తారు, దొరికిన ఫారమ్‌నల్లా నింపుకుంటూ పోతుంది.

ముందు సెట్టింగ్స్‌లో డిస్కషన్‌కి వెళ్ళి పింగ్‌బ్యాక్‌లు (వేరే సైట్ మన పోస్ట్‌కి లింకిస్తే కామెంట్లలో వచ్చి పడే నోటీసులు) ఆపేశా, ఒక్క లింకున్నా నేను చూశాకే కనపడేలా పెట్టా. పాత పోస్టులకి కామెంట్లు మూసేసే ఆప్షన్ కూడా ఉంది, మామూలుగా 14 రోజులని ఉంటుంది, అది మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే ఆవకాయ పోస్ట్‌కి జనం వచ్చేదే ఏటా ఏప్రిల్, మే నెలల్లో, ఎప్పుడో రాసిందని మూసేస్తే డౌట్లు ఎక్కడ అడుగుతారు.

తర్వాత బొమ్మల క్యాప్చా పెట్టా, అడిగిన వస్తువున్న బొమ్మలు నొక్కి మనిషినేనని చూపించుకోవాలి. రెండ్రోజులకే పిన్ని ఫోన్, "ఒరేయ్, ఫైర్ హైడ్రంట్ అంటే ఏంట్రా, నేను అడిగింది ఆవపిండి ఎంత వెయ్యాలని కదా" అని. ఫైరింజన్‌కి నీళ్ళు పట్టే ఆ కుళాయి స్తంభం మన వీధుల్లో పెద్దగా కనపడదు, దాన్ని మనవాళ్ళు ఎలా గుర్తుపడతారు చెప్పండి, ఆ రోజే తీసేశా. ఇలాంటి చెత్త కామెంట్లని (స్పామ్) తనే పట్టేసే అకిస్మెట్ అనే ప్లగిన్ బాగా పనిచేస్తుంది, పర్సనల్ సైట్లకి ఫ్రీనే, కానీ మనవాళ్ళ కామెంటు, ఐపీ అడ్రస్ అన్నీ ఆ కంపెనీ సర్వర్‌కి పోతాయి, పచ్చళ్ళ సైట్‌కి అంత అవసరమా అనిపించి పెట్టలేదు.

నిజంగా పనిచేసింది హనీపాట్. ఫారమ్‌లో ఇంకో బాక్స్ పెట్టి సీఎస్ఎస్‌తో (పేజీ ఎలా కనపడాలో చెప్పే కోడ్) దాచేస్తాం, మనిషికి కనపడదు కాబట్టి నింపడు, బాట్ నింపేస్తుంది, నింపితే స్పామ్. దానికి ఆటోఫిల్ ఆఫ్ చేయాలి, లేకపోతే బ్రౌజరే మన తరఫున నింపేసి మంచి కామెంట్ కూడా పోవచ్చు, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళ కోసం "ఇది ఖాళీగా వదిలేయండి" అని లేబుల్ కూడా ఉండాలి. కొన్ని బాట్లు అసలు పేజీ తెరవకుండా కామెంట్లు తీసుకునే ఫైల్‌కే నేరుగా పంపిస్తాయి, వాటికోసం పేజీ తెరిచాక బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్ ఒక దాచిన విలువ నింపేలా రాశా, అది లేకుండా వస్తే తిరుగుటపా. ఈ రెండింటితోనే చాలావరకు ప్రాణం హాయిగా ఉంది.

ఆపైన మన భాషే సాయం చేసింది. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాల బ్లాక్ ఉంది, కామెంట్‌లో అందులోంచి ఒక్క అక్షరమైనా లేకపోతే పెండింగ్‌లోకి. డిలీట్ చేయను, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్ళే మన ఇళ్ళల్లో సగం మంది కదా, నేను చూసి ఓకే చేస్తా.

ఇప్పుడు కొత్త రకం మొదలైంది, తెలుగులోనే "మీ వ్యాసం అత్యంత సమాచారయుక్తంగా ఉన్నది" అని. గోంగూర పచ్చడి చూసి అలా మాట్లాడే మనిషిని నేనైతే చూడలేదు! లింకు పేరు మీదే ఉంటోంది, అది వచ్చేది ఫారమ్‌లో వెబ్‌సైట్ బాక్స్‌లోంచి కాబట్టి ఆ బాక్సే తీసేశా, ఆ లింకు నేరుగా పంపినా సర్వర్ దగ్గర పడేసేలా పెట్టా. లింకు లేని పొగడ్తలు ఒకటీ అరా ఇంకా వస్తున్నాయి, వాటిని చేత్తోనే తీసేస్తున్నా.